హరితరత్న బుచ్చిబాబు గారి వెచ్చని ఇల్లు

"భూగోళాన్ని కాపాడే బాధ్యత ఇప్పుడు స్వోర్డ్స్‌లో ఉన్న ఒక మూడు పడగ్గదుల ఇంటి మీద పడింది!"

ఈ మాట అన్నది ఐక్యరాజ్యసమితి కాదు. ఆ ఇంటి యజమాని బుచ్చిబాబు. అన్నది ఏ ప్రపంచ సదస్సులోనో కూడా కాదు. రెండు వేల ఇరవై వేసవిలో, కరోనా పుణ్యమా అని ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని జూమ్‌లో జరుపుకుంటున్న తెలుగు సంఘం ఆదివారపు సమావేశంలో. ఆ సమయానికి అందరూ మ్యూట్‌లో ఉన్నారు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

బుచ్చిబాబుది రామచంద్రపురం. ఐర్లండులో డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ ఊరి శివారు స్వోర్డ్స్‌లో సొంత ఇల్లు, తెలుగు సంఘంలో పర్యావరణ విభాగం కన్వీనర్ పదవి, ఇవీ ఆయన ఆస్తిపాస్తులు. ఆ పదవి ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. సాంస్కృతిక విభాగం ఇమ్మని అడిగితే, వేదికలే లేని రోజుల్లో సంస్కృతి ఎందుకని అధ్యక్షులవారు పర్యావరణాన్ని చేతిలో పెట్టారు. దాంతో ఏం చేయాలో ఆయనకి చాలాకాలం తోచలేదు. భూమాత మీద అసలైన బెంగ మొదలైంది ఒక సాయంత్రం, ఇంట్లో హీట్ పంపు పెట్టించుకునేవాళ్లకి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని చదివినప్పుడు. చదువుతూ ఉండగానే ఆయన కళ్లు చెమర్చాయి. పాపం భూమాత! ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు!

హీట్ పంపంటే మరేం లేదు. ఏసీని వెనక్కి తిప్పి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. బయటి గాలిలో ఉన్న కాస్తో కూస్తో వేడిని పట్టుకొచ్చి ఇంట్లో పోస్తుంది.

"ఈ ఊళ్లో బయట వేడి ఎక్కడుందండీ, పట్టుకురాడానికి?" అని అడిగింది సుందరమ్మ.

సుందరమ్మ బుచ్చిబాబు అత్తగారు. ఫిబ్రవరిలో మూడు వారాలు ఉండి పోదామని వచ్చింది. విమానాలు ఆగిపోయాయి, ఆవిడ కూడా ఆగిపోయింది. ఆ దేశంలో ఆవిడ కనిపెట్టుకున్న ఒకే ఒక సుఖం హాట్ ప్రెస్. ఐర్లండు వాళ్లు అలమరని ప్రెస్ అంటారు. వేడినీళ్ల సిలిండరు ఉండే అలమర హాట్ ప్రెస్. తువ్వాళ్లు ఆరేసుకునే ఆ అరలో చిన్న పీట వేసుకుని, తలుపు ఓరగా పెట్టుకుని, సుందరమ్మ రోజూ జపం చేసుకునేది. ఇంట్లో ఎక్కడా కనబడకపోతే అలమర తలుపు కొట్టి పిలిచేవారు.

"ఉంటుందండీ అత్తయ్యగారూ! మంచులో కూడా వేడి ఉంటుంది. అది సైన్సు!"

"ఉంటే మనకి తగలాలి కదండీ అల్లుడుగారూ?"

సైన్సు దగ్గర ఈ ప్రశ్నకి జవాబు ఉండే ఉంటుంది. బుచ్చిబాబు మాత్రం గ్రాంటు ఫారం తెరిచాడు.

తరవాతి ఆదివారం నుంచి ప్రచారం మొదలైంది. "ఇది డబ్బు కోసం కాదండీ," అన్నాడు బుచ్చిబాబు గుండె మీద చెయ్యి వేసుకుని. "రేపు మన పిల్లలు, నాన్నా నువ్వు భూమికి ఏం చేశావని అడిగితే మనం తలెత్తుకుని చెప్పుకోవాలి!"

డబ్లిన్‌కి ఇంకో చివర క్లాండాల్కిన్‌లో ఉండే తిరుపతయ్యది కరీంనగర్. ఆయన మ్యూట్ తీశాడు. "మంచిగ చెప్పినవన్నా. గని గ్రాంటు లేకుంటె గూడ పెడ్తుంటివా?"

బుచ్చిబాబు పెదవులు చాలాసేపు కదిలాయి. శబ్దం మాత్రం రాలేదు.

"అన్నా, మ్యూట్ల ఉన్నవ్!"

ఉన్నాడు. ప్రశ్న వినబడగానే తనే నొక్కుకున్నాడు.

అయినా ప్రచారం ఫలించింది. ఊరికే వచ్చే గ్రాంటుని వదులుకోవడానికి తెలుగువాడికి మనసు ఎలా ఒప్పుతుంది? ఆ గ్రాంటు కోసం దానికి మూడింతలు చేతి నుంచి పెట్టుకోవాలని తెలిసినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. శరత్కాలం తిరిగేసరికి పది పన్నెండు తెలుగిళ్ల పెరళ్లలో తెల్లటి పెట్టెలు వెలిశాయి. తిరుపతయ్య ఇంట్లో అందరికన్నా పెద్దది వెలిసింది.

బుచ్చిబాబు ఇంట్లో యంత్రం బిగించినవాడు డెర్మట్ అనే ఐరిష్ మనిషి. ఎర్రటి చేతులు, నెరిసిన గడ్డం, నోట్లో ఎప్పుడూ గ్రాండ్ అనే మాట. వాన పడినా గ్రాండే, పడకపోయినా గ్రాండే. పని పూర్తయ్యాక సుందరమ్మ వచ్చి ఆ పెట్టెకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, దాని నెత్తి మీద కొబ్బరికాయ ఎత్తింది. డెర్మట్ రెండు చేతులూ అడ్డం పెట్టి, కాయ పెట్టె మీద పగిలితే వారంటీ వర్తించదని ప్రాధేయపడ్డాడు. చివరికి కాయని పెరటి గట్టు మీద కొట్టారు. డెర్మట్‌కి చెక్క ఒకటి ప్రసాదంగా ఇచ్చారు. గ్రాండ్ అన్నాడు.

వెళ్లేముందు అతను బుచ్చిబాబుని పక్కకి పిలిచి, పెరటి గోడకున్న ఎర్ర స్విచ్చు చూపించాడు. "సార్, ఒకటే మాట. ఇది మెకానిక్కుల కోసం. మీరు దీన్ని ముట్టుకోవద్దు. థర్మోస్టాట్‌లో ఇరవై డిగ్రీలు పెట్టి మర్చిపోండి. రాత్రీ పగలూ మెల్లగా నడుస్తూనే ఉంటుంది. అలా నడిస్తేనే ఖర్చు తక్కువ. ఆపి ఆపి వేశారంటే వేడీ రాదు, బిల్లూ మిగలదు. చల్లబడిన ఇల్లు మళ్లీ వేడెక్కడానికి రెండు రోజులు పడుతుంది."

"అర్థమైంది," అన్నాడు బుచ్చిబాబు.

"అందరూ అలాగే అంటారు. మా దేశంలో ఇమ్మర్షన్ అని ఒకటుంది, నీళ్లు కాచే కరెంటు మీట. మా అమ్మ దాన్ని ఆపిందో లేదోనని మా అక్క పెళ్లిలో చర్చి మధ్యలోంచి లేచి ఇంటికి పరిగెత్తింది. ఆ రక్తం ఉన్నవాళ్లకి ఈ యంత్రం అచ్చిరాదు."

బుచ్చిబాబు నవ్వాడు. ఎంత వెనకబడిన జనం, అనుకున్నాడు. తన రక్తం సంగతి ఆ క్షణంలో ఆయనకి గుర్తురాలేదు.

రామచంద్రపురంలో బుచ్చిబాబు పెరిగిన ఇంట్లో గీజరుకి ఒక ధర్మశాస్త్రం ఉండేది. స్నానానికి పావుగంట ముందు వేయాలి. బకెట్టు నిండగానే ఆపాలి. ఆపానని స్నానాల గదిలోంచి అరిచి చెప్పాలి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే వాళ్ల నాన్నగారు ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. అలాంటి వంశంలో పుట్టినవాడి పెరట్లో ఒక యంత్రం పొద్దస్తమానం గుయ్యిమంటూ ఉంటే ఎలా? బుచ్చిబాబు ఆఫీసు మీటింగులో ఉన్నా ఆ గుయ్యిమనే చప్పుడే వినబడేది. భోజనం చేస్తున్నా అదే. చప్పుడు వినబడుతున్నంతసేపూ కళ్ల ముందు మీటరు తిరుగుతూ ఉండేది.

రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు పొద్దున్న చెత్త పారేసి వస్తానని పెరట్లోకి వెళ్లి, అటూ ఇటూ చూసి, ఎర్ర స్విచ్చు టక్కున ఆపేశాడు. ఆహా! ఎంత నిశ్శబ్దం! ఒంట్లో రక్తపోటు దిగిపోయినట్టయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో గీజరు ధర్మం అమల్లోకి వచ్చింది. రోజూ పొద్దున్నా సాయంత్రం కాసేపు వేసి ఆపుతాడు. ఆదివారం జూమ్ సమావేశానికి పావుగంట ముందు స్విచ్చు వేస్తాడు. సమావేశం అవగానే ఆపేస్తాడు. చల్లబడ్డ ఇంటిని చూసి కంగారుపడ్డ యంత్రం ఉన్న శక్తంతా పెట్టి ఒక్కసారిగా ఉరుముతుంది. బిల్లు పెరిగింది. బిల్లు పెరిగింది కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు ఆపాడు. ఇంకా పెరిగింది. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి తప్పుని ఆయన చిటికెలో పట్టుకునేవాడు. ఇంట్లో మాత్రం, యంత్రానిది దుబారా స్వభావమని తేల్చుకున్నాడు.

చలి ముదిరింది. కౌంటర్ మీద పెట్టిన కొబ్బరినూనె సీసా రాయిలా బిగుసుకుంది. బుచ్చిబాబు భార్య ఇందుమతి ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. కోవిడ్ రోజుల్లో అందరూ ఆస్పత్రి పేరు చెబితేనే వణుకుతూ ఉంటే, ఆవిడ మాత్రం ఆదివారాలు కూడా అడిగి మరీ డ్యూటీ వేయించుకునేది. జనం ఆవిడ సేవానిరతిని మెచ్చుకున్నారు. అక్కడ వెచ్చగా ఉంటుందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

పదహారేళ్ల కూతురు వర్షిణి దుప్పటి కప్పుకుని ఆన్‌లైన్ క్లాసులు వినేది. "డాడ్, ఇట్స్ లిటరల్లీ వార్మర్ అవుట్‌సైడ్," అనేది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఐరిష్ యాసలోనే వస్తాయి.

అందరికన్నా నష్టపోయింది సుందరమ్మ. హీట్ పంపుతో పాటు వచ్చిన కొత్త సిలిండరు తన వేడిని పైకి పొక్కనిచ్చే రకం కాదు. హాట్ ప్రెస్ ఉత్త ప్రెస్ అయిపోయింది. ఆవిడ మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, అల్లుడి పాత ఓవర్‌కోటు వేసుకుని, దాని పైనుంచి చీర కొంగు సర్దుకుని ఇంట్లో తిరిగేది.

"బాబూ, కాళ్లు కొయ్యబారిపోతన్నాయండీ. ఆ పెట్టి ఒక్క గంటసేపు వెయ్యకూడదాండీ?"

"వేసే ఉందండీ అత్తయ్యగారూ! ఇది మెల్లగా ఎక్కే వేడి."

"ఎప్పటికి ఎక్కుతాదండీ?"

"మనం గమనించకుండానే ఎక్కేస్తుందండీ."

సుందరమ్మ గమనించకుండా ఉండటానికి చాలా ప్రయత్నించింది. వేడి ఎక్కలేదు.

ఇక ఆదివారాల సంగతి. పర్యావరణ విభాగం కన్వీనర్ వణుకుతూ కనబడితే ఉద్యమం ఏమైపోతుంది? అందుకని బుచ్చిబాబు కెమెరా ముందు పొట్టిచేతుల పూల చొక్కా వేసుకుని కూర్చునేవాడు. కెమెరాకి అందని చోట రెండు ప్యాంట్లు, మూడు జతల మేజోళ్లు, ఒక రగ్గు, ఒళ్లో వేడినీళ్ల సంచి. నడుం పైన మే నెల, నడుం కింద జనవరి!

"ఇల్లంతా కాకినాడ బీచిలా ఉందంటే నమ్మండి," అనేవాడు, ఒక చేత్తో నుదురు తుడుచుకుంటూ. లేని చెమట తుడవడానికి ఎంతో సాధన కావాలి. నమ్మక ఏం చేస్తారు? ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటి పోకూడదని, ఒకరింటికి ఒకరు రాకూడదని సర్కారు ఆంక్షలు పెట్టి ఆయన రహస్యాన్ని కాపాడుతోంది.

ఆశ్చర్యం ఏమిటంటే, హీట్ పంపులు పెట్టుకున్న మిగతావాళ్లు కూడా అలాగే పొట్టిచేతుల చొక్కాల్లో కనబడేవారు. తిరుపతయ్యయితే ఏకంగా బనియన్‌తో వచ్చాడు. "మా ఇంట్ల మస్తు ఉడుకపోస్తుంది తమ్మీ," అని ఎవరితోనో అంటున్నాడు. బుచ్చిబాబుకి కడుపు మండింది. ఇంట్లో మండుతున్నది అదొక్కటే. అందరి ఇళ్లూ నిజంగా వెచ్చగా ఉన్నాయి, నా యంత్రానికి మాత్రమే ఈ రోగం, అని లోపల్లోపల కుమిలిపోయాడు.

గ్రాంటు సొమ్ము ఇంకా చేతికి రాలేదు. యంత్రం నడుస్తోందని, ఇల్లు వెచ్చబడిందని గ్రాంటు కార్యాలయం వాళ్లు చూసి సరేనంటేనే వస్తుంది. జనవరి వచ్చింది, ఆంక్షలు బిగిశాయి, ఇళ్లకొచ్చి తనిఖీ చేయడం ఆగిపోయింది. వీడియోలో చూస్తామని కబురొచ్చింది. ఈ లోపు సంఘం అధ్యక్షులవారికి ఒక ఆలోచన తట్టింది. తనిఖీ అధికారిణి షినేడ్ గారిని ఆదివారం సమావేశానికి ముఖ్య అతిథిగా పిలిస్తే? అందరి ముందూ బుచ్చిబాబు ఇంటి తనిఖీ జరిగిపోతుంది, ఆ వెంటనే బుచ్చిబాబుకి హరితరత్న బిరుదు ప్రదానం చేయొచ్చు! షినేడ్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. బుచ్చిబాబు కూడా సంతోషంగా ఒప్పుకుని, ఫోన్ పెట్టేసి, తల పట్టుకున్నాడు. తనిఖీలో తప్పితే గ్రాంటు పోతుంది, బిరుదు పోతుంది, తిరుపతయ్య ముందు పరువు పోతుంది.

ఇంత తెలిసినవాడు రెండు రోజుల ముందు స్విచ్చు వేసి వదిలేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. శుక్రవారం వేద్దామనుకున్నాడు. శనివారం వేద్దామనుకున్నాడు. వేయబోయిన ప్రతిసారీ మీటరు కళ్ల ముందు గిర్రున తిరిగింది. ఆదివారం మాత్రం గుండె రాయి చేసుకుని, పావుగంట కాదు, ఏకంగా అరగంట ముందు వేశాడు!

హాల్లో గోడకున్న థర్మోస్టాట్ పదకొండు చూపించింది. అయిదు నిమిషాల తరవాత చూశాడు. పదకొండే. దాని మీద చెయ్యి వేసి నిమిరాడు. నోటితో ఊదాడు. పదకొండున్నర! మనిషి శ్వాసకే అరడిగ్రీ వస్తే...

సరిగ్గా అప్పుడే వంటింట్లో స్టవ్ మీద సుందరమ్మ పెట్టిన ఇడ్లీ గిన్నె ఆవిరి కక్కుతోంది. బుచ్చిబాబు మెదడు మెరిసింది. అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టడానికి వెళ్లిన సందు చూసుకుని, గుడ్డలతో గిన్నె పట్టుకుని హాల్లోకి తెచ్చి, థర్మోస్టాట్ కింద ఉన్న చెప్పుల స్టాండు మీద పెట్టాడు. మూత కాస్త పక్కకి జరిపాడు. ఆవిరి తిన్నగా పైకి లేచింది. పద్నాలుగు! పంతొమ్మిది! ఇరవై ఆరు! తెలుగువాడి టిఫిన్‌లో ఇంత శక్తి ఉందని ఆయనకి ఆ రోజే తెలిసింది.

సమావేశం మొదలైంది. షినేడ్ గారు చక్కటి నీలం కోటు వేసుకుని, ముత్యాల గొలుసుతో, హుందాగా కనబడ్డారు. అధ్యక్షులవారు స్వాగతం పలికారు. బుచ్చిబాబు పూల చొక్కాలో నమస్కారం పెట్టాడు. తిరుపతయ్య బనియన్‌లో చిరునవ్వు నవ్వాడు. వర్షిణి తన ఫోన్‌తో ఇల్లు చూపించడానికి సిద్ధంగా నిలబడింది.

"ముందు థర్మోస్టాట్ చూపిస్తారా?" అన్నారు షినేడ్ గారు ఇంగ్లీషులో.

వర్షిణి తండ్రి చెప్పినట్టే ఫోన్‌ని గోడకి బాగా దగ్గరగా పెట్టింది. అంకె తప్ప మరేదీ కనబడలేదు.

"ఇరవై ఆరా! లవ్లీ! స్పెయిన్‌లో ఉన్నట్టుంది మీకు!"

"ఏదో భూమాత దయ," అన్నాడు బుచ్చిబాబు వినయంగా.

"ఇప్పుడు బయటి యంత్రం నడుస్తూ ఉండగా చూపించండి."

వర్షిణి పెరట్లోకి వెళ్లింది. కుంకుమ బొట్టుతో పెట్టె కనబడింది. లోపలి ఫ్యాను కదలడం లేదు. ఎర్ర స్విచ్చు వేసే ఉంది, యంత్రం మాత్రం కళ్లు మూసుకుని కూర్చుంది! ఎందుకు తిరుగుతుంది? ఇల్లు ఇరవై ఆరు డిగ్రీలుందని థర్మోస్టాట్ కబురు పంపాక, ఇక నాతో పనేముందని అది పడుకుంది. అబద్ధాన్ని నమ్మింది ఆ ఇంట్లో అదొక్కటే.

బుచ్చిబాబు గుండె జారింది. కానీ నోరు జారలేదు. "ఇల్లు చాలినంత వేడెక్కిందండీ, అందుకని ఆగింది. ఎంత తెలివైన యంత్రమో చూడండి!"

"అది నిజమే," అన్నారు షినేడ్ గారు. తల ఊపారు. పెన్ను తీశారు. గ్రాంటు వాకిట్లోకి వచ్చేసింది!

"అన్నా," అన్నాడు తిరుపతయ్య, "సిగరెట్ తాగుతున్నవా?"

"ఛఛ! నాకా అలవాటు లేదండీ."

"మరి నోట్లకెల్లి పొగ వస్తున్నదేందే? మాట్లాడినప్పుడల్లా వస్తున్నది!"

బుచ్చిబాబు నోరు మూసుకున్నాడు. ముక్కులోంచి వచ్చింది. షినేడ్ గారు కళ్లద్దాలు పైకి జరుపుకుని తెరకి దగ్గరగా వంగారు. "మిస్టర్ బుచ్చిబాబు, ఇరవై ఆరు డిగ్రీల గదిలో మీ ఊపిరి ఎందుకు కనబడుతోంది?"

"అది... అది ప్రాణాయామం," అన్నాడు బుచ్చిబాబు. ఆ మాటతో పాటు పెద్ద పొగమేఘం బయటికొచ్చింది.

దేవుడు ఉన్నాడో లేడో కానీ, దేవుడి గదిలోంచి సుందరమ్మ మాత్రం అప్పుడే వచ్చింది. మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, ఓవర్‌కోటు, దాని మీద కొంగు. వంటింట్లోకి చూసి, హాల్లోకి చూసి, బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యబాబోయ్! స్టవ్ మీద ఇడ్లీ గిన్నె ఏవైపోయిందా అని చూస్తంటే, ఇదేంటండీ అల్లుడుగారూ! చెప్పుల మీద పెట్టారేంటండీ? గోడకి ఆవిరి పడతన్నారా?"

పెరట్లోంచి తిరిగొచ్చిన వర్షిణి ఫోన్‌లో ఇదంతా పడింది. చెప్పుల స్టాండు, దాని మీద ఇడ్లీ గిన్నె, పైన చెమటలు కారుతున్న థర్మోస్టాట్, పక్కన ఎస్కిమోలా అత్తగారు. కంగారులో బుచ్చిబాబు కుర్చీలోంచి లేచాడు. వేడినీళ్ల సంచి కింద పడింది. రగ్గు జారింది. నడుం కింద జనవరి అందరికీ దర్శనమిచ్చింది.

తిరుపతయ్య నవ్వు క్లాండాల్కిన్ దాకా వినబడింది. ఆయన ఉన్నది అక్కడే కాబట్టి అందులో వింత లేదు. మిగతావాళ్లంతా కూడా పగలబడి నవ్వారు. బుచ్చిబాబు తల దించుకున్నాడు. నిజంగా సిగ్గేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ శీతాకాలంలో ఆయన ఒంట్లో వేడెక్కిన మొదటి భాగాలు అవే.

షినేడ్ గారు మాత్రం నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, "చాలా సంతోషం," అన్నారు. "ఈ సమావేశంలో ఉన్న మీ అందరి తనిఖీలూ నా దగ్గరే ఉన్నాయి. ఇంత ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి ఇప్పుడే కానిచ్చేద్దాం. దయచేసి అందరూ ఫోన్లు పట్టుకుని మీ మీ పెరళ్లలోకి వెళ్లండి. ముందుగా ఆ చొక్కా లేని పెద్దమనిషి."

నవ్వులు ఆగిపోయాయి.

"నెట్ మంచిగ లేదు మేడమ్," అన్నాడు తిరుపతయ్య. మాట స్పష్టంగా వినబడుతూనే ఉంది. ఆయన బొమ్మ మాయమైంది. ఎవరింట్లోనో పాలు పొంగాయి. ఎవరికో తలుపు దగ్గర డెలివరీ వచ్చింది. ఒకాయన, కదలకుండా కూర్చుంటే బొమ్మ ఆగిపోయిందనుకుంటారని నోరు తెరుచుకుని బిగుసుకుపోయాడు, కానీ మధ్యలో తుమ్మొచ్చింది. అధ్యక్షులవారు "బిరుదు ప్రదానం వచ్చేవారం" అని ఒక్క మాటలో వందన సమర్పణ ముగించి వెళ్లిపోయారు. ఒక్కో గడీ నల్లబడుతూ, తెర మీద చివరికి బుచ్చిబాబు కుటుంబం, షినేడ్ గారు మిగిలారు.

బుచ్చిబాబు ఆ నల్లటి గడుల వంక నోరు తెరుచుకుని చూశాడు. అంటే, తిరుపతయ్య కూడా? అందరూ? ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఒంటరివాణ్ననుకున్నాడు!

"సార్," అన్నారు షినేడ్ గారు గట్టిగా. "మీరు ఆ స్విచ్చు ఆపుతున్నారు కదా? నిజం చెప్పండి."

"అప్పుడప్పుడూ."

"ఆల్ ద టైమ్!" అంది వర్షిణి.

"ఎన్నిసార్లు చెప్పాలి మీలాంటివాళ్లకి? ప్రజల సొమ్ముతో ఇస్తున్న గ్రాంటు ఇది! అలవాట్లు మార్చుకోవాలి! ఇది వేసి ఆపడానికి, ఆపి వేయడానికి ఇమ్మర్షన్ కాదు, ఇది..."

ఆవిడ ఠక్కున ఆగిపోయారు. ముఖంలో రంగు మారింది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఇమ్మర్షన్!" అన్నారు ఇంకెవరితోనో. "మామ్! ఇమ్మర్షన్ ఆపావా?"

ఇంట్లో ఎక్కడినుంచో ఒక ముసలి గొంతు, "నువ్వు ఆపావనుకున్నానే!" అంది.

షినేడ్ గారు ఒక్క ఉదుటున లేచారు. నీలం కోటు కింద గొర్రెబొమ్మల పైజామా కనబడింది. ఒళ్లోంచి వేడినీళ్ల సంచి జారి దబ్బున పడింది. దాని వెనకే రగ్గు. ఆవిడ మెట్లెక్కి పరిగెడుతున్న చప్పుడు వినబడింది. ఖాళీ అయిన కుర్చీ వెనక పాతకాలపు పొయ్యిలో, చిత్తడి నేలల్లోంచి తవ్వి ఎండబెట్టిన టర్ఫ్ ఇటుకలు ఎర్రగా, హాయిగా మండుతున్నాయి. హీట్ పంపు గ్రాంటు తనిఖీ అధికారిణి ఇంటి పొగగొట్టం భూమాత ముఖం మీదికి నిక్షేపంగా పొగ వదులుతోంది.

స్వోర్డ్స్ హాల్లో ముగ్గురూ తెర వైపు వంగి చూస్తున్నారు. సుందరమ్మ తెర దగ్గరికి వచ్చి ఆ పొయ్యి వైపు చేతులు చాపి కాచుకుంది.

"అల్లుడుగారూ, ఈ పిల్లది ఏ ఊరండీ? మనవాళ్లలాగే ఉందే!"

షినేడ్ గారు రొప్పుతూ తిరిగొచ్చారు. కూర్చున్నారు. కోటు సర్దుకున్నారు. ఇటువాళ్లు ఆవిడని చూశారు, ఆవిడ ఇటువాళ్లని చూశారు. ఆవిడ చూపు నేల మీద పడ్డ తన రగ్గు మీదికి, అక్కణ్నుంచి బుచ్చిబాబు మూడు జతల మేజోళ్ల మీదికి వెళ్లింది.

"ఎక్కడిదాకా వచ్చాం?" అన్నారు మెల్లగా.

సుందరమ్మ ముందుకొచ్చింది. "వర్షిణీ, చెప్పమ్మా ఆవిడతో. ఇకనుంచి ఆ స్విచ్చు నేను చూసుకుంటాను. ఈయన్ని దాని దగ్గరికి రానివ్వను. నా కాళ్ల మీద ఒట్టు. ఈ కాళ్లు వెచ్చబడాలంటే వేరే దారి లేదని చెప్పు."

వర్షిణి చెప్పింది. షినేడ్ గారు ఒక్క క్షణం ఆ మంకీ క్యాపు వంక చూశారు. నవ్వారు. "గ్రాండ్," అన్నారు. "మంజూరు చేస్తున్నాను. అమ్మగారి పూచీ మీద."

తెర ఆరిపోయింది. బుచ్చిబాబు సంతోషం పట్టలేక గిన్నెని వంటింట్లోకి తీసుకెళ్లి, నిలబడే నాలుగు ఇడ్లీలు తినేశాడు. తిని, సమావేశం అయిపోయింది కదా అని, కాళ్లు వాటంతటవే నడుస్తూ ఉంటే పెరట్లోకి వెళ్లాడు. గిన్నె తీసేయడంతో యంత్రానికి మెలకువ వచ్చి గుయ్యిమంటోంది. చెయ్యి ఎర్ర స్విచ్చు మీదికి వెళ్లింది.

అక్కడ స్విచ్చుకి పసుపు పూసి ఉంది. కుంకుమ బొట్టు ఉంది. చుట్టూ దారం కట్టి ఉంది. పక్కన కుర్చీ వేసుకుని, జపమాలతో సుందరమ్మ కూర్చుని ఉంది.

"పూజ చేసిన చోటండీ. ముట్టుకోవాలంటే తలస్నానం చేసి రావాలి."

"వేడినీళ్లు లేవు కదండీ అత్తయ్యగారూ!"

"ఈ పెట్టి రెండు రోజులు నడిస్తే వస్తాయంటండీ," అంది సుందరమ్మ, పూస తిప్పుకుంటూ.

బుచ్చిబాబు ఓడిపోయి లోపలికి వచ్చాడు. పరువు పోయిందనుకున్న మనిషికి జేబులో ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది. సందేశాలు వరసగా వస్తున్నాయి, సంఘం గ్రూపులో కాదు, ఒక్కొక్కరు విడివిడిగా, గుట్టుగా. గిన్నెకి, గోడకి మధ్య ఎంత దూరం ఉండాలని ఒకాయన. ఇడ్లీ పిండి వేయాలా, ఉత్త నీళ్లు చాలా అని ఇంకొకాయన. అందరికన్నా కింద తిరుపతయ్య.

"అన్నా, మనసుల పెట్టుకోకు. బేస్తారం నాకు తనిఖీ ఉన్నది. మా ఇంట్ల ఇడ్లీ గిన్నె లేదు. కుక్కర్ నడుస్తదా?"

పర్యావరణ విభాగం కన్వీనర్ పొట్టిచేతుల చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. బాధ్యత గుర్తొచ్చి, గంభీరంగా జవాబు రాశాడు.

"భేషుగ్గా నడుస్తుందండీ. విజిల్ మాత్రం తీసేయండి."